మూడోవాడు ఎవర్ని అడిగాడు?

గ్రూప్స్‌కో సివిల్స్‌కో కొన్నాళ్లు పుస్తకాలు ముందేసుకున్న వాళ్లెవర్నైనా అర్ధరాత్రి లేపి అడగండి, 1946లో ఇండియాకొచ్చిన కేబినెట్ మిషన్ సభ్యుల పేర్లు గడగడా అప్పజెప్పేస్తారు. పెథిక్ లారెన్స్, స్టాఫర్డ్ క్రిప్స్, ఎ.వి. అలెగ్జాండర్. పెథిక్ లారెన్స్ భారత వ్యవహారాల మంత్రి, ఆ బిట్ వేరే ఉంటుంది. క్రిప్స్ అంటే 1942 రాయబారం, దానికింకో బిట్. మూడో పేరు దగ్గర మాత్రం ఏమీ ఉండదు. లెక్క ముగ్గురికి సరిపోవాలి కాబట్టి ఎక్కడినుంచో తెచ్చి నిలబెట్టినట్టుంటాడు.

నా పేచీ ఆ మూడోవాడితోనే. ఆయన గురించి చెప్పేవాళ్లతో ఇంకాస్త ఎక్కువ.

ఆల్బర్ట్ విక్టర్ అలెగ్జాండర్ కథ చెప్పేవాళ్లు రెండు రకాలు. ఒకరకం వాళ్లకి అదొక ఎదిగిన మనిషి కథ. కమ్మరి కొడుకు, పదమూడేళ్లకే బడి మానేసినవాడు, మూడుసార్లు నౌకాదళ మంత్రి అయ్యాడు, రక్షణ మంత్రి అయ్యాడు, ఎర్ల్ బిరుదుతో పోయాడు. చప్పట్లు. రెండోరకం వాళ్లు తల పంకిస్తారు. సహకార సంఘాలు చక్కగా పిండీ వెన్నా అమ్ముకోక రాజకీయాల్లోకెందుకు పోయాయి, పోయి ఏం బావుకున్నాయి, ఇదిగో అలెగ్జాండర్‌ని చూడండి, అంటారు. మొదటి కథ సినిమాకి పనికొస్తుంది. రెండోది పెద్దమనుషులు చెప్పే నీతి. రెండిట్లోనూ ఒకటే జారిపోయింది: సహకార సంఘం నుంచి ఆయన పార్లమెంటుకి ఏం పట్టుకెళ్లాడు, ఏం అక్కడే వదిలేసి వెళ్లాడు అన్నది.

ముందు పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. 1885 మే 1న వెస్టన్ సూపర్ మేర్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టాడు (మేడే నాడే, కానీ మేడే అనేది ఇంకా పుట్టలేదు). ఏడాది పిల్లాడప్పుడు తండ్రి పోయాడు. తల్లి నడికట్లు కుట్టి పిల్లల్ని సాకింది. పదమూడేళ్లకి తోళ్ల వ్యాపారి దగ్గర పని, తర్వాత బ్రిస్టల్ స్కూల్ బోర్డులో, ఆ తర్వాత సోమర్‌సెట్ కౌంటీ ఆఫీసులో గుమాస్తా. స్థానిక సంస్థల ఉద్యోగుల యూనియన్లో తిరిగాడు. పెళ్లయ్యాక బాప్టిస్టు అయి, ఆదివారాలు ప్రసంగాలు చేసేవాడు. ఊళ్లో సహకార సంఘంలో చేరాడు. ఇంతవరకూ ఆ కాలంలో ఇంగ్లండులో వేలమంది జీవితం ఇలాగే ఉండేది. కథంతా ఆ చివరి మాటలో, సహకార సంఘంలో ఉంది. కాస్త అక్కడ ఆగాలి.

సహకార సంఘం అంటే మనకి ఎరువుల బస్తాలు, రుణమాఫీ జాబితాలు, పైనుంచి వచ్చిన పర్సన్ ఇన్‌చార్జి. అది మన తప్పు కాదు. 1904లో ఇంగ్లీషువాళ్లు మనకి సహకార చట్టం ఇచ్చినప్పుడే, దాంతోపాటు ఒక రిజిస్ట్రార్‌నీ ఇచ్చారు. ప్రభుత్వం వేసిన మనిషి. వాళ్ల దేశంలో పుట్టిన తీరు వేరు. 1844 డిసెంబరులో రాచ్‌డేల్ అనే నేతపనివాళ్ల ఊళ్లో 28 మంది తలా కాస్త పోగేసి ఒక కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్, కొవ్వొత్తులు. అంతే సరుకు. ఊళ్లో మిగతా కొట్లలో పిండిలో సుద్దపొడి కలిసేది, తూకంలో మోసం, అప్పు పుస్తకంలో మోసం. వీళ్ల కొట్లో కల్తీ లేదు. మిగిలిన లాభం వాటాని బట్టి కాక ఎవరు ఎంత కొన్నారో దాన్ని బట్టి పంచేవారు. దాన్నే డివిడెండు అనేవారు, ఇళ్లలో ముద్దుగా ‘డివి’. చలికాలం పిల్లల బూట్లు ఆ డివితోనే కొనేవారు.

డివి గురించి అందరూ రాస్తారు. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది మూడు నెలలకోసారి జరిగే సభ్యుల సభ. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. కమిటీవాళ్లు ముందు కూర్చోవాలి, లెక్కలు చదవాలి, సభ్యులు లేచి అడుగుతారు. వెన్న ధర ఎందుకు పెరిగింది, ఫలానా మేనేజరు జీతం ఎవరు ఒప్పుకున్నారు, కొత్త బ్రాంచికి ఆ వీధే ఎందుకు. జవాబు చెప్పలేకపోతే వచ్చే ఎన్నికలో ఇంటికి. ఆడవాళ్లకి పార్లమెంటు ఓటు లేని రోజుల్లో కూడా చాలా సంఘాల్లో ఈ సభలో ఓటుండేది. చదువులేని మనుషులు లెక్కలడగడం నేర్చుకున్న చోటది.

రాజకీయాల మాటకొద్దాం. దాదాపు డెబ్బయ్యేళ్లు ఈ సంఘాలు మాకు రాజకీయాలు వద్దంటూనే గడిపాయి. రెండోరకం పెద్దమనుషులు కోరేది సరిగ్గా ఇదే. మరి ఏమైంది? మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆహార పంపిణీ కమిటీల్లో ప్రైవేటు కొట్లవాళ్లు నిండిపోయారు. యుద్ధానికి ముందు అమ్మకాలు చూసి చక్కెర కోటాలు వేశారు, ఈలోగా జనం సహకార కొట్లకి మళ్లారు, వాళ్లకి చక్కెర లేదు. సభ్యులకి తిరిగిచ్చే సొమ్ము లాభమెలా అవుతుందో తెలీదుగానీ దానిమీద అదనపు లాభాల పన్ను వేశారు. అన్నిటికన్నా చేదైనది, 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చాక ఎవరు యుద్ధానికి పోవాలో ఎవరికి మినహాయింపో తేల్చే స్థానిక ట్రిబ్యునళ్లలో చాలాచోట్ల ఊరి వ్యాపారులు కూర్చున్నారు. పోటీ కొట్లో పనివాళ్లని ఖాళీ చేసి పంపించే అవకాశం వాళ్లకి చట్టమే ఇచ్చింది. ప్రధాని లాయిడ్ జార్జ్ సహకార ప్రతినిధుల్ని కలవడానికి తీరిక లేదన్నాడని, అదే సమయంలో గుర్రప్పందేల క్లబ్బువాళ్లని కలిశాడని ఉద్యమంలో తరాలపాటు చెప్పుకున్నారు.

అప్పుడు పోయారు రాజకీయాల్లోకి. 1917 స్వాన్సీ మహాసభలో తీర్మానం చేశారు, సహకార పార్టీ పుట్టింది. కాబట్టి ‘సహకారంలో రాజకీయాలు కూడదు’ అనే మాట ఎవరన్నా సరే, ముందు ఎవరి లాభానికి అంటున్నారో చూడాలి. రాజకీయాలు వద్దన్న కొట్టు దగ్గరికి రాజకీయమే చక్కెర కోటా పట్టుకుని వచ్చింది, పన్ను నోటీసు పట్టుకుని వచ్చింది, చివరికి పనివాడి పేరున సైన్యం కాగితం పట్టుకుని వచ్చింది.

1920లో అలెగ్జాండర్‌ని సహకార మహాసభ పార్లమెంటరీ కమిటీ కార్యదర్శిగా తీసుకున్నారు. పని ఏమిటంటే సంఘాల తరఫున చట్టాలు కనిపెట్టుకుని ఉండడం. ఈ పనిలో ఆయన గట్టివాడు. కొత్తగా వచ్చిన కార్పొరేషన్ పన్ను సంఘాల మీద పడితే ఎంపీల వెంటపడ్డాడు, 1921లో సంఘాలకి అది తప్పింది. 1922లో షెఫీల్డ్ హిల్స్‌బరో నుంచి తనే ఎంపీ అయ్యాడు. 1929లో రామ్సే మెక్డొనాల్డ్ మంత్రివర్గంలో నౌకాదళ మంత్రి. 1931 ఆగస్టులో డబ్బు కటకట వచ్చి నిరుద్యోగ భృతి కోసేద్దామని మెక్డొనాల్డ్ అన్నప్పుడు కేబినెట్‌లో తొమ్మిదిమంది ఒప్పుకోలేదు, వాళ్లలో అలెగ్జాండర్ ఒకడు. ప్రభుత్వం కూలింది. తర్వాతి ఎన్నికలో సీటూ పోయింది. మంత్రి పదవి నుంచి దిగి నేరుగా సహకార ఆఫీసులో తన పాత కుర్చీలో కూర్చున్నాడు. ఇది ఆయన జీవితంలో నాకు నచ్చే ఘట్టం, దాచుకోవడం దేనికి.

అయితే ఏం తీసుకెళ్లాడు? సంఘం ప్రయోజనాన్ని తీసుకెళ్లాడు. డివి మీద పన్ను పడకుండా కాపలా కాశాడు. సభని మాత్రం తీసుకెళ్లలేదు. లెక్క చెప్పాల్సినవాడు ముందు కూర్చోవాలి, తగిలేవాడు లేచి అడగాలి అనే ఆ పద్ధతి వెస్టన్ సూపర్ మేర్ కొట్టు గుమ్మం దాటలేదు.

ఇది ఆయనొక్కడి జబ్బు కాదు, ఉద్యమానిదే. బ్రిటన్లో సహకార సంఘాల టీ చాలా పేరున్న సరుకు. ఇంగ్లండు, స్కాట్లండు టోకు సంఘాలు కలిసి 20వ శతాబ్దం మొదట్లోనే సిలోన్‌లోనూ తర్వాత దక్షిణ భారతంలోనూ సొంతంగా టీ తోటలు కొన్నాయి. దళారీ లేకుండా ఆకు నుంచి కప్పు దాకా అంతా సభ్యులదే అని గర్వం. ఆ తోటల్లో ఆకు కోసే తమిళ కూలీలు ఆ సభ్యుల్లో లేరు. వాళ్లకి ఓటు లేదు, డివి లేదు, మూడు నెలల సభ లేదు. మాంచెస్టర్‌లో ఒక గృహిణి టీపొడి ధర ఎందుకు పెరిగిందని లేచి అడగొచ్చు, కోసిన మనిషి కూలి ఎందుకు పెరగలేదని అడగకూడదు. ఒకటే సంఘం, ఒకటే టీ. మధ్యలో సముద్రం ఉంది, సముద్రమ్మీద అలెగ్జాండర్ గారి ఓడలున్నాయి.

యుద్ధకాలాన్ని నేను త్వరగా దాటేస్తాను. 1940లో చర్చిల్ ఆయన్ని మళ్లీ నౌకాదళ మంత్రిని చేశాడు, అసలు యుద్ధ నిర్ణయాలు అడ్మిరళ్లతో కలిసి తనే చూసుకున్నాడు. హిట్లర్ మీద యుద్ధంలో ప్రతి ఓడ కదలికా సభ పెట్టి అడగమని ఎవరూ అనరు. అందుకే యుద్ధం అయిపోయాకే చూద్దాం. అప్పుడిక సాకు లేదు.

1946 ఫిబ్రవరి 18. బొంబాయిలో తల్వార్ అనే సిగ్నల్ శిక్షణ కేంద్రంలో నావికులు తిండి ముట్టలేదు, పనిలోకి పోలేదు. తిండి లేకపోతే పని లేదు, ఇదే నినాదం. పప్పులో రాళ్లు, తెల్ల అధికారుల బూతులు, ఒకే పనికి రెండు రకాల జీతాలు. రెండ్రోజుల్లో కరాచీ, మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా దాకా పాకింది. బొంబాయి వీధుల్లో వాళ్లకి అండగా వచ్చిన జనం మీద కాల్పుల్లో 200 మందికి పైగా పోయారు. 19వ తేదీన, సమ్మె రెండో రోజున, అట్లీ పార్లమెంటులో కేబినెట్ మిషన్ ప్రకటించాడు. ఆ నిర్ణయం అంతకుముందే జరిగింది, తిరుగుబాటుకి భయపడి కాదు. రాయల్ ఇండియన్ నేవీ కూడా లెక్కప్రకారం ఇండియా ప్రభుత్వం చేతిలోది, లండన్ నౌకాదళ శాఖది కాదు. కాబట్టి తుపాకీ ఆయన పేల్చాడని నేను అనడంలేదు.

నేననేది ఇది. కల్తీ పిండి తినలేక కొట్టు పెట్టుకున్న మనుషుల ఉద్యమం ఈయనది. రాళ్ల పప్పు తినలేక సమ్మె చేసిన నావికుల దేశానికి నౌకాదళ మంత్రి హోదాలో నెల తిరిగీ తిరక్కుండా వచ్చాడు. మార్చి 24న ఢిల్లీలో దిగాడు, జూన్ 29 దాకా ఉన్నాడు. ఆ మూడు నెలల్లో ఆయన ఎవరికి దగ్గరయ్యాడు? వైస్రాయ్ వేవెల్ తన రోజువారీ రాతల్లో క్రిప్స్‌నీ పెథిక్ లారెన్స్‌నీ కాంగ్రెస్ వైపు మొగ్గేవాళ్లని సణుక్కుంటాడు, ముగ్గురిలో ఆయనకి మనసుకొచ్చినవాడు అలెగ్జాండర్. కాంగ్రెస్ మీద విసుగు కాదు ఇక్కడ విషయం, ఆ విసుగు పడాల్సిన కారణాలు చాలామందికి ఉన్నాయి. ఆ బల్లచుట్టూ కూర్చుని నలభై కోట్లమందిని ఎ, బి, సి గ్రూపులుగా సర్దుతున్నప్పుడు, పుట్టుకతో వైస్రాయ్ జాతికి చెందని ఒకే ఒక్కడు కమ్మరి కొడుకు. వైస్రాయ్‌కి అతనే సౌకర్యంగా కనిపించాడు.

1946 డిసెంబరులో రక్షణ మంత్రి అయ్యాడు. 1947 జనవరిలో ఆరుగురు మంత్రులు ఒక గదిలో కూర్చుని బ్రిటన్ అణుబాంబు తయారుచేయాలని తీర్మానించారు. అట్లీ, బెవిన్, మోరిసన్, ఆడిసన్, విల్మాట్, అలెగ్జాండర్. మిగతా కేబినెట్‌కే చెప్పలేదు. పార్లమెంటుకి తెలిసింది 1948 మే 12న, అదీ ఆధునిక ఆయుధాల పురోగతి గురించి ఒక లేబర్ ఎంపీ వేసిన ప్రశ్నకి జవాబులో. అన్నిరకాల ఆయుధాలూ తయారవుతున్నాయి, అణ్వాయుధాలు సహా, అని ఒక్క ముక్కలో తేల్చేసింది అలెగ్జాండరే. ఇంకేం చెప్పడం కుదరదు, దేశహితం. 1951లో మళ్లీ అధికారంలోకి వచ్చిన చర్చిల్, 10 కోట్ల పౌండ్ల దాకా పార్లమెంటుకి తెలీకుండా ఖర్చయిందని తెలిసి నోరెళ్లబెట్టాడు. చర్చిల్ ఆశ్చర్యపోయేంత గుట్టు!

రాష్ట్ర రహస్యాన్ని కిరాణా లెక్కలా చదువుతారా అని అడగొచ్చు. బాంబు ఎలా చేస్తారో చదివి వినిపించమనడంలేదు. చెయ్యాలా వద్దా అన్నది రహస్యం కాదు, ప్రశ్న. వెన్న ధర ఒక పెన్నీ పెంచితే జవాబు చెప్పాల్సొచ్చే బడిలో చదివినవాడు ఈ ప్రశ్నని ఆరుగురి మధ్య మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అదే 1947లో ఇంకోటి జరిగింది, చరిత్రకారులు దాన్ని ఆయన చేతకానితనానికి ఉదాహరణగా చెప్తారు. శాంతికాలంలో కూడా కుర్రాళ్లందరికీ 18 నెలల నిర్బంధ సైనిక సేవ పెడుతూ బిల్లు తెచ్చాడు. 1917లో తన ఉద్యమాన్ని రాజకీయాల్లోకి తోసిన కారణాల్లో నిర్బంధ సైన్యం ఒకటని మర్చిపోయినట్టున్నాడు. ఏప్రిల్ 1న సొంత పార్టీ ఎంపీలు 72 మంది ఎదురు ఓటేశారు. ఏప్రిల్ 3న 18 నెలల్ని 12కి తగ్గించాడు. సేనాధిపతులు మండిపడ్డారు, పత్రికలు వెక్కిరించాయి. నన్నడిగితే రక్షణ మంత్రిగా ఆయన చేసిన పనుల్లో సహకార సంఘం వాసన వేసేది ఇదొక్కటే. సభ్యులు లేచారు, అడిగారు, ముందు కూర్చున్నవాడు తగ్గాడు. ఎగతాళి చెయ్యడానికి అందులో ఏముందో నాకర్థం కాదు. దురదృష్టం ఏంటంటే ఆయనకీ అర్థం కాలేదు. 1948 చివర్లో అది మళ్లీ 18 నెలలైంది.

ఆయన ఆ కాలం మనిషండీ, అంటారు చివరికి. ఈ మాట మనం ప్రతి పెద్దాయన దగ్గరా వింటాం, మన సొంత పెద్దాయన్ల దగ్గర మరీ. దీనికి జవాబు బయటెక్కడో వెతకక్కర్లేదు, అదే ఉద్యమంలో ఉంది. స్త్రీల సహకార గిల్డ్ 1883లో మొదలైంది, సంఘాల్లో సరుకులు కొనే శ్రామిక స్త్రీలే అందులో సభ్యులు. మార్గరెట్ లెవెలిన్ డేవిస్ ముప్పైయేళ్లకు పైగా కార్యదర్శి. ప్రసూతి భత్యం తల్లికే రావాలని పోరాడారు. విడాకుల చట్టం మారాలన్నారు. ఉద్యమ నాయకత్వానికి క్యాథలిక్కుల నుంచి ఒత్తిడి వచ్చింది, ఆ మాట మానుకోండన్నారు, లేకపోతే ఏటా ఇచ్చే 400 పౌండ్లు ఆపేస్తామన్నారు. 1914లో ఆపేశారు కూడా. ఆ ఆడవాళ్లు మాట మానుకోలేదు, నాలుగేళ్లు చందాలతో నడుపుకున్నారు. ఆ స్త్రీలు ఆ కాలం మనుషులు కారా? అదే టీ తాగినవాళ్లు, అదే సభలో కూర్చున్నవాళ్లు. సభలో నేర్చుకున్న ప్రశ్నని ఇంటికి తీసుకెళ్లారు, చర్చి మీదికి తీసుకెళ్లారు, యుద్ధం మీదికి కూడా తీసుకెళ్లారు.

ప్రతి నవంబరులోనూ చనిపోయిన సైనికుల గుర్తుగా బ్రిటన్‌లో ఎర్ర గసగసాల పువ్వు చొక్కాకి పెట్టుకుంటారు. 1933లో ఈ గిల్డ్ ఆడవాళ్లు తెల్లపువ్వు తయారుచేసి అమ్మారు, ఇంకో యుద్ధం వద్దని. చాలామంది ఆ యుద్ధంలో కొడుకుల్నో మొగుళ్లనో పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లని దేశద్రోహులన్నారు, పువ్వు పెట్టుకున్నందుకు కొందరి ఉద్యోగాలకే ముప్పొచ్చింది. ఆ ఏడాది అలెగ్జాండర్ మంత్రి కాదు, ఎంపీ కూడా కాదు. సహకార ఆఫీసులో తన పాత కుర్చీలో ఉన్నాడు. బల్లమీద ఉన్న పెద్ద ఫైలు, సంఘాల మిగులు మీద నెవిల్ చాంబర్లెయిన్ వేస్తున్న పన్ను.